మా చేన్లలో దిగిన అమానత్

చలికాలం దగ్గర పడుతోందంటే పత్రికాఫీసులకు ఒక ప్రకటన వస్తుంది. హైదరాబాదు నుంచి శాస్త్ర పరిశోధన కోసం పెద్ద పెద్ద బెలూన్లు వదులుతున్నామనీ, వాటికి వేలాడే పరికరాలు ప్రయోగం ముగిశాక రంగు పారాచూట్లతో ఎక్కడో ఒకచోట నేలకు దిగుతాయనీ అందులో ఉంటుంది. అవి కనిపిస్తే ఎవరూ తాకొద్దనీ, విప్పొద్దనీ, దగ్గర్లో ఉన్న ఠాణాకో పోస్టాఫీసుకో కబురు చెయ్యాలనీ, చెప్పినవాళ్లకు తగిన బహుమానం ఇస్తామనీ ఉంటుంది. దాదాపు ఇరవై ఏళ్లుగా ఈ ప్రకటనను ఉర్దూలోకీ తెలుగులోకీ దించే పని మాదే. తెలుగులో ఇబ్బంది లేదు. ఉర్దూలో రాసేటప్పుడే ఒకచోట చెయ్యి ఆగుతుంది. 'ముట్టకుండా, ఉన్నదున్నట్టు అప్పజెప్పండి' అనే చోట మాకు ఒక్క మాటే తోస్తుంది. అమానత్. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన సొమ్ము. దాన్ని కాపాడి తిరిగి ఇవ్వడం ఈమాన్‌లో భాగం. కాజేస్తే ఖయానత్.

ఈ మాట మేం నిఘంటువులో నేర్చుకున్నది కాదు. మర్పల్లిలో మా దాదా నోటి నుంచి విన్నది. ఆకాశం నుంచి పడ్డ ఒక పెట్టె గురించి చెబుతూ ఆయన వాడిన మాట అది.

ఆకాశానికీ మర్పల్లికీ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. ఆకాశానికీ సాయిబులకూ ఏం సంబంధం అని కూడా కొందరు అడుగుతారు. ఈ రెండో ప్రశ్న మమ్మల్ని చాలాసార్లు, చాలా రకాలుగా అడిగారు. అందుకే ఈ వ్యాసం.

*

2022 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలి ముప్పై ఏళ్లు నిండాయి. ఆ రోజంతా మేం ఆ వార్తలతోనే గడిపాం. ఇంటికి పోయి పడుకున్నా నిద్ర రాలేదు. మరునాడు పొద్దున మర్పల్లి నుంచి చాచా కొడుకు ఫోను చేశాడు.

"భాయ్, మొగిలిగుండ్ల మే ఆస్మాన్ సే కుచ్ గిరా కతే!"

మొగిలిగుండ్లలో ఆకాశం నుంచి ఏదో పడిందంట అని. ఈ 'కతే' ఢిల్లీ ఉర్దూలో దొరకదు, లక్నో ఉర్దూలో అసలే దొరకదు. తెలుగులో 'అంట' ఎట్లనో మా దక్కనీలో 'కతే' అట్ల. కళ్లారా చూడలేదు, విన్నాను అని చెప్పే మాట. మేం ఎక్కడివాళ్లమో చెప్పడానికి ఈ రెండక్షరాలు చాలు.

మొగిలిగుండ్ల మర్పల్లి మండలంలోని ఊరు. అక్కడి పొలంలో ఒక పెద్ద గుండ్రటి గది లాంటిది దిగి ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఉరుకులు పరుగుల మీద వచ్చారు. గ్రహాంతరవాసుల వాహనమని కొందరు, బాంబని కొందరు. టీవీల్లో 'వింత వస్తువు' అని రోజంతా తిప్పారు. చివరికి తేలిందేమిటంటే, అది హలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ తయారుచేసిన క్యాప్సూల్. డబ్బున్న యాత్రికులను బెలూన్ మీద ఆకాశపు అంచు దాకా తీసుకుపోయి భూమి గుండ్రదనాన్ని చూపించాలని ఆ కంపెనీ ఆలోచన. దానికి ముందు పరీక్ష కోసం, మనుషులు లేకుండా, హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం నుంచి పైకి పంపారు. 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, నాలుగు గంటలకు పైగా తిరిగి, మా మొగిలిగుండ్ల చేన్ల దిగింది.

మేం ఫోన్లో నవ్వాం. "పరేషాన్ కావద్దు. అది బుగ్గ" అన్నాం. అవతలి నుంచి చాచా గొంతు వినిపించింది. "దాదా పెట్టె లాంటిదేనా?" అని.

*

దాదా పెట్టె కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. దాదా మర్పల్లి పోస్టాఫీసులో టపా పంచేవాడు. వికారాబాద్ నుంచి బీదరు పోయే రైలు మార్గంలో మర్పల్లి ఒక స్టేషన్. రైల్లో వచ్చిన సంచి విప్పి, ఉత్తరాలు విడదీసి, సైకిల్ మీద ఊళ్లు తిరిగేవాడు. ఉర్దూ చదివేవాడు, రాసేవాడు. తెలుగు చదివేవాడు. ఇంగ్లీషులో అడ్రసు వరకే.

అమ్మీ కోడలిగా వచ్చిన కొత్తలో జరిగిందిది. డెబ్బయ్యవ దశకం మొదలు. జొన్న కోతల కాలం. తెల్లవారుజామున ఒక రైతు ఉరుక్కుంటూ వచ్చి తలుపు కొట్టాడు.

"సాయబూ, నా చేన్ల ఎర్రగుడ్డ పడ్డది. గుడ్డ కింద పెట్టె ఉన్నది. ఏందో సప్పుడు జేస్తున్నది."

దాదా వెంటనే బయల్దేరాడు. చేను చుట్టూ అప్పటికే జనం. బంగ్లాదేశ్ యుద్ధం అయి ఎన్నో రోజులు కాలేదు. పాకిస్తాన్ వాళ్లు వేసి ఉంటారని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన దాదా వైపు తిరిగి, "ఏం సాయబూ, మీవోళ్లు పంపిన్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. దాదా కూడా నవ్వాడట. ఈ కథ చెప్పినప్పుడల్లా దాదీమా ఇక్కడ ఒక క్షణం ఆగేది. "నవ్వక ఏం జేస్తడు బిడ్డా" అనేది.

పెట్టె మీద అతికించిన కాగితంలో ఇంగ్లీషు, హిందీ అక్షరాలున్నాయి. దాదాకు అడ్రసు చదవడం వచ్చు గనక హైదరాబాదు అన్న ముక్క దొరికింది. "ఎవ్వరు ముట్టకుర్రి. ఇది సర్కారు అమానత్" అన్నాడు. స్టేషన్‌కు పోయి తారు కొట్టించాడు. ఆ పగలూ రాత్రీ, మరునాడు జీపు వచ్చేదాకా, ఊరి సుంకరి, దాదా ఇద్దరూ చేను గట్టు మీద కూర్చుని పెట్టెకు కాపలా కాశారు. సుంకరి మాదిగ, దాదా తురక. ఊరి పెద్దలు ఒకసారి చూసి పోయారు. చలికి కూర్చున్నది వీళ్లిద్దరే. దాదీమా జొన్నరొట్టెలు కట్టి పంపితే ఇద్దరూ తిన్నారు.

జీపులో వచ్చినవాళ్లు పెట్టెను విప్పి చూసుకుని, ఏదీ చెడిపోలేదని సంతోషించారు. తొక్కిడికి పోయిన జొన్న చేనుకు రైతుకు డబ్బులిచ్చారు. సుంకరికీ దాదాకూ కొంత బహుమానం ముట్టింది. కొన్నాళ్లకు దాదా పేర ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది, మెచ్చుకుంటూ. ఊళ్లో ఇంగ్లీషు చదివే మాస్టరు దాన్ని చదివి చెప్పాడు. దాదా ఆ ఉత్తరాన్ని గుడ్డలో చుట్టి, తాఖ్‌లో, ఖురాన్ కింది అరలో పెట్టాడు. బెలూన్ తాలూకు పల్చటి తెల్లటి ప్లాస్టిక్ మాత్రం ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకుపోయారు. ఆ ఏడు వానకు ఎన్ని గుడిసెలు కురవలేదో!

ఇదే మా కుటుంబానికీ భారత అంతరిక్ష చరిత్రకూ ఉన్న బంధుత్వం. ఇంతకన్నా పెద్దది మా దగ్గర లేదు.

*

ఆ పెట్టెలో ఏముంటుందో దాదాకు తెలియదు. మాకూ చాలాకాలం తెలియదు. ఆర్ట్స్ చదివిన మాకు భౌతికశాస్త్రం దూరమే. పత్రికలోకి వచ్చాక, ఆ ప్రకటనను తర్జుమా చేస్తూ చేస్తూ, అడిగి తెలుసుకున్నాం.

భూమి మీదికి అన్ని దిక్కుల నుంచీ విశ్వకిరణాలు వచ్చి పడుతుంటాయి. గాలి పొర వాటిని అడ్డుకుంటుంది. అందుకని వాటిని పట్టుకోవాలంటే గాలి పల్చబడే ఎత్తుకు పరికరాన్ని పంపాలి. రాకెట్టు నిమిషాల్లో పోయి పడిపోతుంది. బెలూన్ గంటల తరబడి తేలుతుంది, ఖర్చూ తక్కువ. హోమీ భాభా ఈ పని మీద దక్షిణాదిలో ప్రయోగాలు మొదలుపెట్టించాడు. 1950 దశకం ఆఖరు నుంచే హైదరాబాదు నుంచి బెలూన్లు లేచాయి. 1969లో ఈసీఐఎల్ దగ్గర శాశ్వత కేంద్రం ఏర్పడింది.

హైదరాబాదే ఎందుకు? ఈ ఊరు భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. తక్కువ శక్తి ఉన్న కణాలను ఆ అయస్కాంత క్షేత్రం ఇక్కడ బయటికే నెట్టేస్తుంది. రొద తగ్గి, వెతికే సంగతి స్పష్టంగా వినపడుతుందన్నమాట. రెండోది, చుట్టూ దక్కను పీఠభూమి. బెలూన్ ఎటు పోయినా సముద్రం దూరం. పెట్టె నేల మీదే దిగుతుంది, దొరుకుతుంది. దొరకడమంటే ఎవరికి దొరకడం? మెదక్, మహబూబ్‌నగర్, బీదరు, గుల్బర్గా, వికారాబాద్ పల్లెల్లో జొన్న చేన్లలో, కంది చేన్లలో ఉన్న మనుషులకు. ఈ ప్రయోగాలన్నీ వాళ్ల మంచితనం మీద ఆధారపడి నడిచాయి. పెట్టెను పగలగొట్టి ఇనుపసామాన్ల దుకాణంలో అమ్మితే ఏళ్ల శ్రమ మట్టిపాలయ్యేది.

అట్ల దొరికిన వాటితో ఏం చేశారు? 1960 దశకం చివర హైదరాబాదు నుంచి ఎగిరిన బెలూన్లతో నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌ కిరణాలను కొలిచారు. ఆ విద్య దశాబ్దాలు పెరిగి పెరిగి, 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పోయిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం దాకా చేరింది. దానిలోని ఎక్స్‌ కిరణాల పరికరం ఒకదాన్ని ముందుగా బెలూన్ మీదే పరీక్షించారు. 2005 ఏప్రిల్‌లో ఇస్రో వాళ్లు 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగుల బెలూన్‌కు 459 కిలోల పరికరం కట్టి పంపారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టి తెచ్చారు. ఆ గాలిలో మూడు కొత్త రకాల బాక్టీరియా దొరికాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు. అవి భూమి అవతలి నుంచి వచ్చాయని మాత్రం శాస్త్రవేత్తలు తేల్చి చెప్పలేదు.

ఆర్యభటుడి పేరు పెట్టడం సబబే. పెట్టెకు కాపలా కాసిన సుంకరి పేరు ఎవరూ ఎక్కడా పెట్టలేదు. మేం ఫిర్యాదు చెయ్యడం లేదు. చరిత్ర ఎట్ల రాస్తారో గుర్తు చేస్తున్నాం.

*

ఇప్పుడు వికారాబాద్ పేరు దగ్గరికి వద్దాం. ఈ పేరు వికారుల్ ఉమ్రా నుంచి వచ్చింది. పాయిగా నవాబు. 1893 నుంచి 1901 దాకా హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రి. ఫలక్‌నుమా కట్టించింది ఈయనే. ఫలక్ అంటే ఆకాశం.

ఈ పాయిగా వంశం బిరుదులన్నీ ఆకాశంలోవే. షంసుల్ ఉమ్రా అంటే అమీర్లలో సూర్యుడు. ఖుర్షీద్ జా, అక్కడా సూర్యుడే. ఆస్మాన్ జా అంటే చెప్పేదేముంది! బిరుదులతో ఆగిపోకుండా కొందరు నిజంగానే తలెత్తి చూశారు. షంసుల్ ఉమ్రా ఫఖ్రుద్దీన్ ఖాన్ 19వ శతాబ్దం మొదటి సగంలోనే సొంత అచ్చుయంత్రం పెట్టి, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఇంగ్లీషు నుంచి ఉర్దూలోకి తర్జుమా చేయించాడు. వాటిలో ఖగోళశాస్త్రం ఒకటి. ఆయన మునిమనవడు జఫర్ జంగ్. వికారుల్ ఉమ్రాకు ఈయన అన్న కొడుకు. ఇంగ్లండులో చదివి వచ్చి, 15 అంగుళాల దుర్బిణి కొని, 1901లో హైదరాబాదు ఫిసల్‌బండాలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టాడు. దానికి నిజామియా అని పేరు పెట్టుకుంటానని ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ను అడిగి అనుమతి తీసుకున్నాడు. 1907లో చనిపోయేముందు దాన్ని ప్రభుత్వానికి అప్పగించే ఏర్పాటు చేశాడు. తర్వాత వేధశాల బేగంపేటకు మారింది.

అప్పట్లో ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా పంచుకుని, ఒక్కొక్క నక్షత్రాన్ని ఫోటో తీసి, కొలిచి, పట్టిక వేసే పని పెట్టుకున్నాయి. 1887లో పారిస్‌లో తలపెట్టిన పని అది. చిలీ దేశపు సాంటియాగో వాళ్లు చెయ్యలేక వదిలేసిన పట్టీని హైదరాబాదు తీసుకుంది. అది పూర్తి చేసి, ఉత్తరాన ఇంకో పట్టీ కూడా అందుకుంది. మొత్తం 7,63,542 నక్షత్రాలు. కొలిచినవాళ్లు హైదరాబాదు గుమస్తాలు. పెన్నులు పట్టుకుని, గాజు పలకల మీద చుక్కలు లెక్కపెట్టినవాళ్లు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సాయిబు అనగానే నవాబు వారసుడని, నిజాం తాబేదారని అనేవాళ్లున్నారు. మా వాళ్లలోనూ కొందరు ఆ పాత షాన్ చెప్పుకుని మురుస్తారు. మేం నవాబుల వారసులం కాం. మా ముత్తాత కౌలుకు దున్నేవాడు. జఫర్ జంగ్ దుర్బిణి ఆయన జేబులోని డబ్బుతో కొన్నది కావచ్చు. ఆ జేబు నింపింది మాత్రం జాగీరు పల్లెలు. శిస్తు కట్టిన రైతుల్లో కాపులున్నారు, మాదిగలున్నారు, దూదేకులవాళ్లున్నారు, మాలాంటి బీద తురకలున్నారు. వాళ్లెవరూ ఆ దుర్బిణిలో కన్ను పెట్టి చూడలేదు. నిజామియా వేధశాల మా గొప్ప అని చెప్పుకోవాలంటే, అది ఈ పల్లెలన్నిటి గొప్ప అని చెప్పుకోవాలి. ఫలక్‌నుమా అయినా అంతే.

*

1919లో నిజామియా ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఉస్మానియాలో అప్పుడు చదువంతా ఉర్దూలో. దానికోసం దారుల్ తర్జుమా అని అనువాద విభాగం నడిచింది. గణితం, రసాయనం, వైద్యం అన్నిటికీ ఉర్దూ మాటలు పుట్టించారు, వెతికి తీశారు. వేధశాల రసద్‌గాహ్ అయింది. గ్రహం సయ్యారా. ఖగోళశాస్త్రం ఇల్మె హైయత్. ఒక దేశభాషలో ఆధునిక శాస్త్రం చెప్పొచ్చని చూపించిన ప్రయత్నమది. ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం అన్నది కూడా నిజమే. ఆ భాషలకు ఆ చోటు దక్కలేదు. మా రెండు నాలుకల్లో ఒకదానికి దక్కి ఇంకొకదానికి దక్కని న్యాయాన్ని మేం న్యాయమనం.

1948 సెప్టెంబర్‌లో హైదరాబాదు రాజ్యం పోయింది. పోతూ పోతూ మరఠ్వాడా, కన్నడ జిల్లాల్లో వేలమంది బీద ముస్లిముల ప్రాణాలు తీసుకుపోయింది. సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా అని అంచనా వేసింది. బీదరు మర్పల్లికి ఎంత దూరం! అదే రైలుపట్టా. మా దాదా అప్పుడు పడుచువాడు. పాకిస్తాన్ పోతున్నవాళ్లతో పోదామా అని ఇంట్లో మాట వచ్చిందట. "మన ఖబరస్తాన్ ఇక్కడుంది" అని ముత్తాత అన్నాడట. అంతే, చర్చ లేదు.

ఆ కల్లోలపు ఏడాది తర్వాత, 1949లో, నిజామియా వేధశాల ఉద్యోగి కొడుకొకడు హైదరాబాదు ప్రభుత్వపు వేతనం మీద అమెరికాలోని హార్వర్డుకు పోయాడు. వైను బప్పు. తండ్రి కేరళ నుంచి వచ్చి నిజామియాలో పనిచేశాడు. కొడుకు ఆ దుర్బిణుల మధ్య ఆడుకుంటూ పెరిగాడు. హార్వర్డుకు పోయిన ఏడాదే ఒక తోకచుక్కను కనిపెట్టాడు. తిరిగొచ్చి మన దేశంలో ఆధునిక ఖగోళశాస్త్రాన్ని నిలబెట్టాడు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ముస్లిం నవాబు పెట్టిన వేధశాల, మలయాళీ హిందూ ఉద్యోగి, ఆ కొడుకు ప్రపంచ ప్రఖ్యాతి. అప్పట్లో ఎవరికీ ఇది మతసామరస్యమని తోచలేదు. ఉద్యోగం, చదువు, అంతే. 1944 నుంచి వేధశాల సంచాలకుడిగా ఉన్న అక్బర్ అలీ 48 అంగుళాల దుర్బిణి కావాలని ప్రయత్నం మొదలుపెట్టాడు. అది 1968లో జపాల్-రంగాపూర్‌లో నిలిచింది. అప్పటికి ఆయన లేడు.

ఇంకొక్క సంగతి. 1984 ఏప్రిల్ 3న సోవియట్ నౌకలో అంతరిక్షానికి పోయిన రాకేశ్ శర్మ పెరిగిందీ హైదరాబాదులోనే, చదివింది నిజాం కాలేజీలో. పైనుంచి భారతదేశం ఎట్ల కనిపిస్తోందని ఇందిరాగాంధీ అడిగితే, ఇక్బాల్ 1904లో రాసిన తరానా మొదటి మాటలతో జవాబు చెప్పాడు. మేం ఆనాటికి చిన్నపిల్లలం. ఆ ముక్క రేడియోలో వచ్చినప్పుడు దాదా ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని నవ్వడం లీలగా గుర్తుంది. అంతరిక్షం నుంచి భారతదేశాన్ని చూసిన మొదటి భారతీయుడు దేశాన్ని మెచ్చుకోవడానికి వెతుక్కున్న మాట ఉర్దూ మాట. ఇవాళ ఉర్దూ బోర్డు చూస్తేనే ముఖం చిట్లించేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

*

ఇక అందరూ చెప్పే రెండు పేర్లు. టిప్పు, కలాం.

హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ ఇనుప గొట్టాల్లో మందు దట్టించి రాకెట్లు చేశారు. 1780లో కంచి దగ్గర పొల్లిలూరు యుద్ధంలో ఇంగ్లీషు సేనను అవి చెదరగొట్టాయి. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఆ రాకెట్లను ఇంగ్లండుకు పట్టుకుపోయారు. కాంగ్రీవ్ వాటిని చూసి తనవి తయారుచేశాడు. 1963లో అమెరికాలోని వాలప్స్ కేంద్రానికి శిక్షణకు పోయిన కలాం, అక్కడి గోడ మీద టిప్పు సైన్యం రాకెట్లు ప్రయోగించే బొమ్మ చూసి ఆశ్చర్యపోయాడు. మన దేశం మరిచిన టిప్పు అమెరికా గోడ మీద ఉన్నాడని తన ఆత్మకథలో రాసుకున్నాడు. అదే ఏడాది నవంబర్ 21న తుంబా నుంచి మొదటి రాకెట్టు లేచింది. అక్కడ పల్లెకారుల చర్చి కార్యాలయమయింది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది. 1982లో కలాం హైదరాబాదు డి.ఆర్.డి.ఎల్.కు సంచాలకుడిగా వచ్చాడు. అది కంచన్‌బాగ్ దగ్గర. జఫర్ జంగ్ దుర్బిణి పెట్టిన ఫిసల్‌బండా ఆ పక్కనే.

కలాం అంటే మాకు ప్రేమ. ఆయన 2015లో చనిపోయినప్పుడు మర్పల్లిలో మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. కానీ ఆయన పేరుతో మాకు ఇంకో అనుభవం కూడా ఉంది.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లు చచ్చిపోయారు. ఆ తర్వాత ముస్లిం కుర్రాళ్లను పట్టుకుపోవడం మొదలైంది. ఎంతోమందిని కోర్టులు తర్వాత నిర్దోషులని వదిలేశాయి. మా ఫుప్పీ కొడుకు రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. ఒకరోజు ఒక ఠాణా వాళ్లు వచ్చి, దుకాణంలో ఉన్న వైర్లు, బ్యాటరీలు సంచిలో వేసుకుని, వాణ్నీ తీసుకుపోయారు. రెండు రోజులు ఉంచారు. "ఇవన్ని ఎందుకురా నీకు?" అని అడిగారట. టీవీ మెకానిక్‌ను! అమ్మీ తాఖ్‌లోంచి దాదా ఉత్తరం తీసి, అదే గుడ్డలో చుట్టుకుని ఠాణాకు పోయింది. మా మామ సర్కారు పెట్టెకు కాపలా కాశాడు, చూడండి అని చూపించింది. ఆ అధికారి ఉత్తరం చేతిలోకి తీసుకోలేదు. కేసేమీ లేదు, తీసుకుపొమ్మన్నాడు. పోయేముందు గోడ మీది ఫోటో చూపించి, "మీ పిల్లలను గట్ల తయారు చెయ్యమ్మా" అని హితవు చెప్పాడు. ఆ ఫోటో అప్పటి రాష్ట్రపతి కలాంది.

ఇంటికొచ్చాక అమ్మీ ఏడ్చింది. వాణ్ని పట్టుకుపోయినప్పుడు ఏడవలేదు. ఉత్తరం చూపించినందుకు ఏడ్చింది. "అబ్బా దీన్ని గిందుకు దాచిండా?" అంది.

అప్పటి నుంచి మేం ఆ ప్రశ్న మోస్తున్నాం. కలాంను మేం గుర్తింపు కార్డులాగా జేబులో పెట్టుకు తిరగాలా? రాకెట్టు చేసిన ముస్లిం మంచి ముస్లిం అయితే, రేడియో బాగుచేసే ముస్లిం ఏమవుతాడు? అంతరిక్షానికి ఒక రెడ్డిగారబ్బాయో ఒక శర్మగారబ్బాయో పనిచేస్తే అది వాళ్ల ఉద్యోగం. మావాడు పనిచేస్తే అది మా జాతి మొత్తానికి నడవడిక పత్రం. ఇదేం లెక్క? దాదా చలిలో పెట్టెకు కాపలా కాసింది దేశభక్తి నిరూపించుకోవడానికి కాదు. పెట్టె ఎవరిదో వాళ్లకు అందాలని కాశాడు. పక్కన కూర్చున్న సుంకరిని ఎవరూ నీ దేశభక్తి ఏదీ అని అడగలేదు. కులమేదో గుర్తు చేసి, దూరం కూర్చోమన్నారు. ఇద్దరి అవమానాలు వేరు. తిన్న రొట్టె ఒకటే.

*

మొగిలిగుండ్లకు మేం వారం తర్వాత పోయాం. క్యాప్సూల్‌ను అప్పటికే తీసుకుపోయారు. తొక్కిన చేను మిగిలింది. అదే నెలలో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని వార్త. ఎక్కడ చూసినా కంది చేన్ల మాటే. పొలం గట్టు మీద పిల్లలు ఆడుకుంటున్నారు. ఎండిన కట్టెలకు ప్లాస్టిక్ సంచీ కట్టి ఎగరేస్తున్నారు. ఒకడి తలమీద టోపీ ఉంది, ఒకడి నుదుట కుంకుమ ఉంది, ఇంకొకడి తలమీద ఏమీ లేదు. "అంకుల్, ఇంకోటి ఎప్పుడు దిగుతది?" అని అడిగారు.

"దిగితే ఏం చేస్తరు?" అన్నాం.

"ముట్టం. ఫోన్ చేస్తం" అన్నాడు టోపీ పిల్లవాడు. కుంకుమ పిల్లవాడు, "మొదట సెల్ఫీ దిగి తర్వాత చేస్తం" అన్నాడు.

దాదా ఉత్తరం ఇప్పుడు మా దగ్గరుంది. మడతలు చిరిగాయి. ఏ ఠాణాలోనూ ఇక దాన్ని చూపించం అని అమ్మీకి మాటిచ్చాం. చూపించాల్సింది మిమ్మల్నే అనిపించి ఇక్కడ రాశాం. ఈ చరిత్రను ఇన్నాళ్లు మా ఇళ్లల్లో, తాఖ్‌లలో, కతే అనే మాటల్లో దాచి ఉంచాం. నక్షత్రాలు లెక్కబెట్టిన గుమస్తాలది, శిస్తు కట్టిన రైతులది, చలిలో కూర్చున్న సుంకరిది, టపా పంచిన తురకది. ఇది మా ఒక్కరి సొమ్ము కాదు. మీది కూడా ఇందులో ఉంది. ఉన్నదున్నట్టు అప్పజెబుతున్నాం.

ఇక దీన్ని విరగ్గొట్టకుండా ఉంచే పూచీ మీది.